అడుగున బొమ్మ ఉన్న పళ్లెం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత నెల ఈ శీర్షికలో, పాత గాజు సామాను గురించిన ఒక జవాబు చివర, వందేళ్ల కిందట ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పసిపిల్లల కోసమే ప్రత్యేకంగా తయారైన పింగాణీ పళ్లాల ప్రస్తావన నాలుగు వాక్యాల్లో వచ్చింది. ఆ నాలుగు వాక్యాలు చదివి చాలామంది తమ ఇళ్లలో అటకల మీదా పాత బీరువాల్లోనూ ఉన్న పళ్లాల గురించి, విదేశాల్లోని పాత సామాన్ల సంతల్లో తాము చూసినవాటి గురించి ఉత్తరాలు రాశారు. ఈ వస్తువుల మీద నాకు ఎన్నో ఏళ్లుగా మమకారం ఉంది. అందుచేత ఈ నెల శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయించాను.

ప్రశ్న: మా తాతగారు ఒక ఇంగ్లీషు కంపెనీలో గుమాస్తాగా పనిచేసేవారు. దొరగారి కుటుంబం స్వదేశానికి వెళ్లిపోతూ కొంత సామాను మా ఇంట్లో ఇచ్చి వెళ్లిందట. అందులో ఒక బరువైన గుండ్రని పళ్లెం ఉంది. దాని అంచు లోపలికి వంగి ఉంటుంది. అడుగున బట్టలు తొడుక్కున్న కుందేళ్ల బొమ్మ ఉంది. వెనుక వైపు సింహం, కిరీటం, ‘రాయల్ డౌల్టన్’, ‘బన్నీకిన్స్’, ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉన్నాయి. ఇది 1920 నాటిదని ఇంట్లో చెప్పుకుంటారు. నిజమేనా? — కాకినాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: 1920 నాటిది కావడానికి వీలు లేదు. బన్నీకిన్స్ బొమ్మల వరుసను రాయల్ డౌల్టన్ సంస్థ ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలో, బర్స్‌లెమ్‌లో ఉన్న తన కార్ఖానా నుంచి 1934లో విడుదల చేసింది కాబట్టి, మీ పళ్లెం ఆ తరువాతదే. దొరగారి కుటుంబం స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో వెళ్లిపోయి ఉంటే ఆ లెక్క చక్కగా సరిపోతుంది. ఆ కాలపు డౌల్టన్ పాత్రల్లో కొన్నిటి మీద సింహం, కిరీటం గుర్తుకు కుడి పక్కన ఒక చిన్న అంకె కనిపిస్తుంది. ఆ అంకెకు 1927 కలిపితే తయారైన సంవత్సరం వస్తుంది. అంటే 11 అని ఉంటే 1938 అన్నమాట. భూతద్దం పెట్టి ఒకసారి వెతకండి. కనిపించకపోయినా నిరాశపడకండి, అది అన్నిటి మీదా ఉండదు.

ఈ కుందేళ్ల వెనుక ఉన్న మనిషి గురించి చెప్పకుండా ఉండలేను. బర్స్‌లెమ్ కార్ఖానా బాధ్యతలు చూసిన కత్‌బర్ట్ బెయిలీ కుమార్తె బార్బరా క్రైస్తవ సన్యాసిని. మఠం నడిపే పాఠశాలలో పిల్లలకు పాఠాలు చెప్పేవారు. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేసే అలవాటున్న ఆమెను, పిల్లల పాత్రల కోసం కొన్ని బొమ్మలు గీసి పంపమని తండ్రే అడిగారు. పెళ్లిళ్లు చేసుకుంటూ, సంతకు వెళుతూ, ఇల్లు సర్దుకుంటూ ఉండే కుందేళ్ల సంసారం అలా పుట్టింది. తొలినాళ్ల పాత్రల్లో కొన్నిటి బొమ్మ మీద బార్బరా వెర్నన్ అనే సంతకం కూడా కనిపిస్తుంది. మీ పళ్లెం బొమ్మలో ఒక మూల ఆ సంతకం ఉంటే, దాన్ని ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోండి.

ఇక అంచు సంగతి. మన ఇళ్లలో పసివాడికి అన్నం ముద్ద తల్లి చేతి మీదుగా నోటికి వెళుతుంది కాబట్టి పళ్లెం ఆకారంతో పెద్దగా పని లేదు. చెంచా పట్టుకుని తనంతట తాను తినడం నేర్చుకునే పిల్లకు మాత్రం చెంచా ముందుకు తోస్తే మెతుకులు పళ్లెం దాటి బల్ల మీద పడతాయి. అంచును నిలువుగా లేపి, పైన లోపలికి వంచితే, గోడకు తగిలిన మెతుకులు వెనక్కి తిరిగి చెంచాలోనే పడతాయి. పళ్లెం లాగినా బోర్లా పడకుండా ఉండేందుకు దాన్ని కావాలనే మందంగా, బరువుగా చేశారు. చేతిలోకి తీసుకోగానే ఆ బరువు తెలుస్తుంది, దాదాపు చిన్న రోలంత గట్టిగా అనిపిస్తుంది.

బొమ్మను అడుగున వేయడంలో కూడా ఒక ఉపాయం ఉంది. అన్నం పూర్తిగా తింటేనే కుందేళ్లు కనిపిస్తాయి. మన తల్లులు చందమామను చూపించి ముద్ద పెడితే, అక్కడి తల్లులు గిన్నె అడుగున ఉన్న కుందేలును చూపించి పెట్టారు. ఈ ఉపాయం డౌల్టన్ వారిది మాత్రమే కాదు. షెల్లీ కార్ఖానా 1926లోనే మేబుల్ లూసీ ఆట్వెల్ వేసిన బూరెబుగ్గల పిల్లల బొమ్మలతో పాత్రలు తెచ్చింది. వెడ్జ్‌వుడ్ కార్ఖానా వారి, పీటర్ రాబిట్ అనే కథల కుందేలు బొమ్మల పాత్రలు 1949లో వచ్చాయి.

మీ పళ్లెం మధ్యలో చెంచా గీతలు ఉన్నాయని, ఒక కుందేలు చొక్కా రంగు వెలిసిపోయిందని, వాటిని బాగుచేయించాలా అని ఉత్తరం చివర అడిగారు. దయచేసి ఆ పని చేయించకండి. ఒక పిల్లో పిల్లవాడో ఆ కుందేలును చూడాలని ఎన్ని వందల పూటలు చెంచాతో గోకి ఉంటే ఆ రంగు పోయిందో ఆలోచించండి. నా దృష్టిలో ఆ గీతలే ఈ పళ్లానికి దస్తావేజు.

ప్రశ్న: మా అమ్మాయి లండన్ నుంచి వస్తూ, ‘బేబీస్ ప్లేట్’ అని అంచు మీద రాసి ఉన్న పాత పింగాణీ పళ్లెం తెచ్చింది. వచ్చే నెల మనవరాలి అన్నప్రాశన. పరమాన్నం ఆ పళ్లెంలోనే పెట్టాలని మాకు ముచ్చటగా ఉంది. కడిగి వాడితే చాలునా, మరిగించాలా? — రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కడిగినా మరిగించినా ఆ పళ్లెంలో పాపకు ఏమీ పెట్టకండి. మీ ముచ్చట నాకు అర్థమైంది కాబట్టే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పింగాణీ మీద కనిపించే నిగనిగలాడే పైపూత ఒక రకమైన గాజు. తక్కువ వేడికే కరిగి, నునుపుగా పరుచుకుని, మెరుపు రావాలని ఆ కాలంలో అందులో సీసం కలిపేవారు. స్టాఫర్డ్‌షైర్ కార్ఖానాల్లో ఒకసారి కాల్చిన పాత్రలను ఆ పూతలో ముంచే పనివారు సీసపు విషానికి గురై పక్షవాతం, అంధత్వం పాలైన సంగతి పంతొమ్మిదో శతాబ్దం చివర బ్రిటిష్ ప్రభుత్వ విచారణల దాకా వెళ్లింది. కాల్చిన తరువాత సీసం చాలావరకు గాజులో బంధించబడి ఉంటుంది. అయితే పుల్లటి పదార్థం తగిలితే అది మెల్లగా ఆహారంలోకి దిగుతుంది. మన వంటలో పెరుగు, చింతపండు, టమాటా, నిమ్మ లేని పూట ఉంటుందా? పైగా వందేళ్ల పళ్లెంలో పైపూత మీద సాలెగూడులాంటి సన్నని నెర్రెలు వచ్చి ఉంటాయి. తడి వాటిలోంచి లోపలికి వెళ్లి మళ్లీ బయటికి వస్తూ ఉంటుంది.

పిల్లల పళ్లాల్లో ఇంకొక చిక్కు ఉంది. పెద్దవాళ్ల పళ్లాల్లో బొమ్మ సాధారణంగా అంచు చుట్టూ ఉంటుంది, అన్నం మధ్యలో ఉంటుంది. పిల్లల పళ్లెంలో అన్నం సరిగ్గా బొమ్మ మీదే పడుతుంది. ఆ బొమ్మల్లో చాలా వాటిని పైపూత కాల్చిన తరువాత దాని మీద అంటించి, తక్కువ వేడిలో రెండోసారి కాల్చారు. కాబట్టి ఆ రంగులకు పైన ఏ కప్పూ లేదు. ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో సీసంతో పాటు కాడ్మియం కూడా ఉండవచ్చు. సీసం విషయంలో ఇంతవరకు హానిలేదని చెప్పదగిన మోతాదే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. ఎదిగే మెదడుకు అది చేసే చేటు పెద్దవారికి చేసే చేటు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ప్రయోగశాలలో పరీక్ష చేయించవచ్చు. పాత్రలో 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచి, అందులోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు. అమెరికాలో కప్పులకు ఆ పరిమితి పది లక్షల భాగాలకు అర భాగం మాత్రమే. బజారులో దొరికే, రుద్దితే రంగు మారే పుల్లలను నమ్ముకోకండి. పరీక్ష ఫలితం బాగానే వచ్చినా నేనైతే ఒక్క పూటకు కూడా ఒప్పుకోను, ఎందుకంటే రేపు పడే కొత్త నెర్రెకు నిన్నటి పరీక్ష పూచీ కాదు. పరమాన్నం వెండి గిన్నెలో పెట్టండి. పింగాణీ పళ్లాన్ని పుస్తకం, కలం, పువ్వులు పెట్టే చోట, పాపకు అందనంత దూరంలో అలంకారంగా ఉంచి ఫొటో తీయించండి. అక్షరాలున్న పళ్లెం కాబట్టి అక్కడ శోభగానే ఉంటుంది.

ప్రశ్న: నేను అమెరికాలో ఒహాయోలో ఉంటున్నాను. ఇక్కడి పాత సామాన్ల సంతల్లో ఇలాంటి బరువైన పళ్లాలు తరచుగా కనిపిస్తాయి. చాలా వాటి వెనుక ఏ ముద్రా ఉండదు. ఏవి కొనదగినవి? — కొలంబస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు అదృష్టవంతులు, ఎందుకంటే అమెరికా కుండల పరిశ్రమ నడిబొడ్డునే నివసిస్తున్నారు. ఒహాయో నది ఒడ్డున ఉన్న ఈస్ట్ లివర్‌పూల్ పట్టణానికి ‘క్రాకరీ సిటీ’ అని పేరు. మంచి మట్టి, బొగ్గు, సరుకు దాటించడానికి నది ఒక్కచోటే ఉండటం వల్ల పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వలస వచ్చిన పనివారు అక్కడ స్థిరపడ్డారు. అక్కడి డి.ఇ. మెక్నికల్ కార్ఖానా పేరు ఉన్న పళ్లాలు మీకు తరచుగా తగులుతాయి. వీలైతే ఒక రోజు ఆ ఊరి పాత పోస్టాఫీసు భవనంలో ఉన్న మ్యూజియం ఆఫ్ సెరామిక్స్ చూసి రండి. కొనడానికి ముందు కన్ను అలవాటు పడాలి.

మీ దగ్గరే, జేన్స్‌విల్‌లో పనిచేసిన రోజ్‌విల్ కార్ఖానా ‘జూవెనైల్’ అనే పేరుతో పిల్లల పాత్రలు చేసింది. లేత మీగడ రంగు మీద కోడిపిల్లలు, కూర్చున్న కుందేలు, టోపీ పెట్టిన బాతు, అంచు చుట్టూ ఒకటి రెండు రంగు గీతలు, అంతే. వాటి అందమంతా ఆ పొదుపులోనే ఉంది. చాలా వాటి వెనుక ముద్ర ఉండదన్న మీ మాట నిజమే కానీ, ముద్ర లేకపోవడం లోపం కాదు. ముద్ర మరీ స్పష్టంగా, కొత్తగా ఉంటేనే ఆగి ఆలోచించాలి, ఎందుకంటే 1990లలో రోజ్‌విల్ పేరుతో చైనా నుంచి నకళ్లు పెద్దఎత్తున వచ్చాయి. ఆ కార్ఖానా 1954లోనే మూతపడింది.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. బఫలో నగరంలో లార్కిన్ అనే సబ్బుల కంపెనీ ఉండేది. సబ్బులు కొన్నవారికి బహుమతిగా ఇవ్వడానికి కావలసిన పాత్రల కోసం 1901లో ఏకంగా సొంత కుండల కార్ఖానాను స్థాపించింది. ఆ బఫలో పాటరీ చేసిన పిల్లల పళ్లాల్లో కొన్నిటి మీద, క్యాంప్‌బెల్ సూపు ప్రకటనల కోసం 1904లో గ్రేస్ డ్రేటన్ గీసిన బొద్దు పిల్లలు కనిపిస్తారు. సబ్బు అమ్మడానికి పుట్టిన కార్ఖానాలో సూపు అమ్మే బొమ్మతో తయారైన పళ్లెం చివరకు ఒక పసివాడి చేతికి వచ్చింది. ఒక్క వస్తువులో ఇంత కథ ఉన్నప్పుడు, బొమ్మ కాస్త వెలిసినా, నెర్రెలు ఉన్నా, పగులు మాత్రం లేకపోతే తీసుకోండి.

ప్రశ్న: చుట్టూ ఇంగ్లీషు అక్షరమాల ఉబ్బెత్తుగా ఉండి, మధ్యలో నల్లటి బొమ్మ అచ్చువేసిన ఒక చిన్న పళ్లెం నా దగ్గర ఉంది. వెనుక డైమండు ఆకారంలో ఒక గుర్తు ఉంది. ఇది అన్నం పళ్లెమేనా? — హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అది బన్నీకిన్స్ కన్నా రెండు తరాల పాతది. పంతొమ్మిదో శతాబ్దంలో స్టాఫర్డ్‌షైర్ కార్ఖానాలు ఇలాంటి అక్షరాల పళ్లాలను లక్షణంగా తయారుచేసి అమెరికాకు ఓడల్లో పంపాయి. పిల్లలకు పాలూ రొట్టే పెట్టడానికీ, అక్షరాలు నేర్పడానికీ, బుద్ధి చెప్పడానికీ అదే పళ్లెం పనికొచ్చేది. మధ్యలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పొదుపు సూక్తులో, జంతువులో, రాబిన్సన్ క్రూసో కథలోని ఘట్టాలో ఉండేవి. బధిర పిల్లల కోసం చేతివేళ్ల సంకేతాలతో అక్షరమాల వేసిన పళ్లాలను లాంగ్టన్‌లోని హెచ్. ఐన్స్‌లీ కార్ఖానా చేసింది. అలాంటిది ఒకటి చేతపట్టుకుని చూసిన రోజు నాకు మాట రాలేదు.

డైమండు గుర్తు 1842 నుంచి 1883 వరకు బ్రిటన్‌లో నమూనా నమోదు చేయించిన వస్తువుల మీద వేసేవారు. దాని మూలల్లోని అక్షరాలను, అంకెలను బట్టి నమోదు తేదీ తేల్చవచ్చు. 1884 నుంచి దాని స్థానంలో ‘ఆర్‌డి నంబర్’ అనే వరుస సంఖ్య వచ్చింది. ఆ వరుస 1900 నాటికి సుమారు మూడున్నర లక్షలకు చేరింది. అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ తేదీ నమూనా నమోదైన తేదీ మాత్రమే. అదే నమూనాతో కార్ఖానా ఆ తరువాత పదేళ్లు, పదిహేనేళ్లు పళ్లాలు చేసి ఉండవచ్చు. అందుకే ఇంకొక ఆధారం చూసుకోవాలి. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. అది 1891లో అమలులోకి వచ్చినప్పటి నుంచి ‘ఇంగ్లండ్’ అనే మాట ముద్రల్లో మామూలైంది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని పూర్తిగా ఉంటే అది ఇరవయ్యో శతాబ్దానిదని అనుకోవచ్చు. మీ పళ్లెం మీద దేశం పేరే లేకపోతే 1891కి ముందుది అయ్యే అవకాశం బలంగా ఉంది.

యూరప్ పింగాణీని దగ్గరగా చూసి పోల్చుకోవాలంటే మీ ఊళ్లోనే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ విభాగం ఉంది. పిల్లల పళ్లాల కోసం కాదు, పైపూత మెరుపు, అచ్చు బొమ్మకూ చేతితో వేసిన రంగుకూ ఉన్న తేడా కంటికి పట్టడం కోసం వెళ్లండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొన్నప్పుడు పగిలి అతికించిన పళ్లెం అంటగడతారేమోనని భయం. ఎలా కనిపెట్టాలి? — విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ భయం నాకు అనుభవమే. చాలా ఏళ్ల కిందట ఒక వ్యాపారి దగ్గర, ఫొటోల్లో మచ్చలేకుండా కనిపించిన ఒక బేబీ ప్లేటును నా నెల జీతంలో మంచి భాగం పెట్టి కొన్నాను. ఇంటికి వచ్చాక గోటితో అంచు మీద మీటుతూ చుట్టూ తిప్పాను. మూడు వంతుల దాకా చిన్న గుడిగంటలా ‘టింగ్’ మంది. ఒక్కచోట, బొటనవేలంత మేర, చెక్క మీద కొట్టినట్టు ‘టక్’ మంది. అక్కడ పెదవి ఆనించి చూస్తే మిగతా పళ్లెం చల్లగా, ఆ ముక్క మాత్రం గోరువెచ్చగా తగిలింది. పింగాణీ త్వరగా వేడిని లాగేసుకుంటుంది కాబట్టి చల్లగా ఉంటుంది, అతికించిన రెసిన్ అలా లాగదు. అంచు లోపలికి వంగిన మడతలో పెచ్చు ఊడితే, దాన్ని రెసిన్‌తో నింపి, రంగు వేసి, పైన వార్నిష్ పూశారు. ఫొటో అంతా పైనుంచే తీశారు కాబట్టి మడత లోపలి భాగం ఎక్కడా కనిపించలేదు. ఆ వ్యాపారి డబ్బు వెనక్కి ఇవ్వలేదు. మరమ్మతు చేయడం తప్పని నేను అనను, దాన్ని దాచి అమ్మడం మాత్రం ముమ్మాటికీ తప్పే.

అప్పటి నుంచి నేను నాలుగు ఫొటోలు అడగకుండా కొనను. వంగిన అంచు లోపలి మడతను పక్క నుంచి తీసిన ఫొటో, వెనుక ముద్ర, పళ్లెం ఆనే కాలి వలయం, పక్క వెలుతురులో మధ్య బొమ్మ. కాలి వలయం మీద పైపూత అరిగి, మురికి పట్టి, అసమానంగా ఉండాలి. చెంచా గీతలు రకరకాల దిక్కుల్లో, మధ్యలో ఒత్తుగా, అంచు దగ్గర పలచగా ఉండాలి. అన్నీ ఒకే దిక్కుకు, ఒకే లోతులో ఉంటే గరుకు కాగితంతో రుద్దారని అనుమానించాలి. పళ్లెం చేతికి వచ్చాక చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద చూస్తే, అతికించిన చోట తరచుగా మిగతా దానికి భిన్నంగా వెలుగుతుంది. ఆ దీపం పెద్ద ఖరీదేమీ కాదు.

ఒక సలహా. వాడిన గుర్తులున్న పళ్లెమూ, అద్దంలా మెరుస్తున్న పళ్లెమూ ఒకే ధరకు వస్తే చాలామంది రెండోదే తీసుకుంటారు. నేను మొదటిదే తీసుకుంటాను. పసివాళ్ల చేతిలో పడిన వస్తువు, ఎన్నోసార్లు నేల మీద పడేసే వయసును దాటుకుని, ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల చేతులు మారి, ముక్కలు కాకుండా మిగిలిందంటే అది మామూలు విషయం కాదు.

ప్రశ్న: మా అమ్మమ్మగారి కంచు ఉగ్గుగిన్నె మా ఇంట్లో ఉంది. ఇంగ్లండులో కూడా పింగాణీ ఉగ్గుగిన్నెలు ఉండేవని విన్నాను. నిజమా? — వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నిజమే. పద్దెనిమిదో శతాబ్దంలోనూ పంతొమ్మిదో శతాబ్దం తొలి భాగంలోనూ అక్కడ ‘పాప్ బోటు’ అనే పాత్ర చాలా సంపన్న గృహాల్లో కనిపించేది. పాప్ అంటే రొట్టెనో పిండినో నీళ్లలో గానీ పాలలో గానీ నానబెట్టి, ఉడికించి చేసిన పలుచని జావ. బోటు అంటే పడవ. పాత్ర నిజంగానే చిన్న దోనెలా కోలగా ఉండి, ఒక కొన ముక్కులా సాగి ఉంటుంది. మూత ఉండదు, చాలా వాటికి పిడి కూడా ఉండదు. వెండి, తగరం వాటితో పాటు లేత మీగడ రంగు పింగాణీలోనూ చేసేవారు. లండన్‌లోని సైన్స్ మ్యూజియం సేకరణలో ఇవి ఉన్నాయి.

మన ఉగ్గుగిన్నె అరచేతిలో ఇమిడేంత గుండ్రంగా ఉండి, పక్షి ముక్కులాంటి సన్నని కొనతో, పిల్ల నోట్లో ఒక్కొక్క చుక్కగా జారేలా చేసి ఉంటుంది. వస అరగదీసిన ఉగ్గు అయినా, బియ్యం, పప్పుల పిండితో కాచిన ఉగ్గు అయినా అదే దారి. వేలమైళ్ల దూరంలో ఇద్దరు పనివారు ఒకే సమస్యకు దాదాపు ఒకే జవాబు కనుక్కున్నారు. అయితే పింగాణీకి పైపూత నెర్రె ఉంది. ఆ నెర్రెల్లో పాత జావ పులిసి, ఎంత కడిగినా పోని మురికిగా మిగిలేది. చుక్క నీళ్లు పోసి తోమితే మెరిసే కంచు, వెండి ఆ విషయంలో ఎంతో మేలు. మీ అమ్మమ్మగారి గిన్నెను అటక మీద పడేయకండి. ఎవరి కోసం ఎప్పుడు కొన్నారో, ఎంతమంది పిల్లలు దానితో ఉగ్గు తాగారో ఇంట్లో పెద్దవారిని అడిగి, ఒక కాగితం మీద రాసి దానితో పాటు ఉంచండి. ఇంగ్లండు పాప్ బోట్లలో చాలా వాటికి ఆ కాగితమే లేదు.

ప్రశ్న: నా దగ్గరున్న పిల్లల పళ్లెం రెండు పొరలుగా ఉంది, పక్కన ఒక రంధ్రం ఉంది. విరిగిందా? — గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: విరగలేదు. అది వేడినీళ్ల పళ్లెం. పక్క రంధ్రంలోంచి కింది పొరలోకి వేడినీళ్లు పోసి, బిరడా బిగించి, పైన అన్నం పెట్టేవారు. పసివాళ్లు ఒక గిన్నెడు జావ తినడానికి గంట పడుతుంది కదా, ఈలోగా అది చల్లారకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు. పాత బిరడా దాదాపు ఎవరి దగ్గరా మిగలదు. మీ పళ్లానికీ లేకపోతే ధర కొంత తగ్గుతుంది కానీ, కొత్త బిరడా కొట్టి అమర్చకండి, ఎండిన బిరడా బలంగా దిగితే మెడ పగులుతుంది.

ప్రశ్న: పళ్లెం మీద గోధుమరంగు మచ్చలు ఉన్నాయి. బట్టల సోడా, బ్లీచింగ్ పౌడరు వాడవచ్చా? — నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: బ్లీచింగ్ పౌడరు వద్దే వద్దు. మెత్తటి మట్టి పింగాణీ అయితే అది నెర్రెల్లోంచి లోపలికి దిగి, ఎండిన తరువాత ఉప్పులా పేరుకుని, పైపూతను లోపలి నుంచే లేపేస్తుంది. ప్లాస్టిక్ తొట్టిలో అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లలో ఒకటి రెండు చుక్కల సబ్బుతో, మెత్తటి గుడ్డతో తుడవండి. బొమ్మ మీద, బంగారు గీత మీద అసలు రుద్దకండి. నానబెట్టకండి. ఆరడానికి రెండు మూడు రోజులు నీడన వదిలేయండి. ఆ తరువాత కూడా మిగిలిన మచ్చ ఆ పళ్లెం వయసులో భాగం. గోడకు తగిలించే స్ప్రింగు తీగల హ్యాంగర్లు అంచును ఎల్లవేళలా నొక్కుతూ ఉంటాయి కాబట్టి వాటిని వాడవద్దు. బీరువాలో ఒకదాని మీద ఒకటి పేర్చవలసి వస్తే మధ్యలో ఉన్ని గుడ్డ ముక్క వేయండి.

ప్రశ్న: మా అమ్మాయి విదేశంలో స్థిరపడింది. ఇక్కడ మా ఇంట్లో ఉన్న పాత అక్షరాల పళ్లెం ఆమెకు ఇవ్వాలనుకుంటున్నాను. విమానంలో తీసుకెళ్లవచ్చా? — విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వందేళ్లకు పైబడిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం వర్తించే అవకాశం ఉంది. ఆ చట్టం కింద పురావస్తువును దేశం దాటించడానికి వ్యక్తులకు వీలు లేదు. మీ పళ్లెం ఇంగ్లండులో తయారైనదే అయినా, ప్రయాణానికి ముందుగానే భారత పురావస్తు సర్వేక్షణ శాఖను సంప్రదించి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం దొరుకుతుందేమో కనుక్కోండి. విమానాశ్రయంలో వాదించడం కన్నా అదే మేలు. పత్రం చేతికి వచ్చాక పళ్లాన్ని మెత్తటి నూలుబట్టలో రెండు చుట్లు చుట్టి, వంగిన అంచు లోపలి ఖాళీని కూడా బట్టతో నింపి, చేతిసంచిలోనే పెట్టుకోండి. కింద వేసే సామానులో అస్సలు పెట్టకండి.